దగ్గరి దారి వేరు, తొందరగా దించే దారి వేరు

కళుగుమలై కొండ రాతిమీద ఆడుకునే పిలకాయల్ని ఒక ప్రశ్న అడిగి చూడండి. పైన ఒక చోట గోలీ ఉంది. కింద ఒక గుంట ఉంది. గుంట సరిగ్గా గోలీ కిందనే లేదు, కొంచెం ఎడంగా ఉంది. గోలీని తోయకూడదు, విసరకూడదు. వదిలిపెడితే తనంతట తానే దిగి గుంటలో పడాలి. మధ్యలో బాట మాత్రం మన ఇష్టం. ఎట్లా కావాలంటే అట్లా వేసుకోవచ్చు. ఏ బాట వేస్తే గోలీ అన్నిటికంటే తొందరగా గుంట చేరుతుంది?

పదిమందిని అడిగితే తొమ్మిదిమంది, "ఇందులో ఏముంది, తాడు లాగి పట్టినట్టు తిన్నగా బాట వేస్తే సరి" అంటారు. తిన్నని బాట అన్నిటికంటే పొట్టిది, అది నిజమే. కానీ అన్నిటికంటే తొందరగా దించేది అది కాదు. దానికంటే పొడుగ్గా, వంపు తిరిగి ఉండే ఒక బాట గోలీని ముందే చేరుస్తుంది. ఈ ప్రశ్నకు పెద్ద చదువుల్లో 'బ్రాకిస్టోక్రోన్' అని పేరు. నోరు తిరగని పేరని భయపడకండి. గ్రీకు భాషలో 'అన్నిటికంటే తక్కువ కాలం' అని అర్థం, అంతే.

నేను చదివింది అయిదో తరగతి. తర్వాత మిల్లులో కోన్ వైండింగు. మరి ఈ సంగతి నాకెందుకు అంటే, పోయిన జూన్‌లో మా మనవరాలు పదకొండో తరగతిలో ఏ గ్రూపు తీసుకోవాలని ఇంట్లో పెద్ద మాట నడిచింది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చినాయి. అయినా, "లెక్కల గ్రూపు మనలాంటి ఇళ్ళ పిల్లలకు కుదరదు, సులువుగా ఏదైనా చూడు" అని అందరూ అన్నారు. మన వీధుల్లో ప్రతి యేడూ ఈ మాట ఎన్ని ఇళ్ళల్లో వినబడుతుందో మీకు తెలుసు. ఆ పిల్ల మాత్రం ఈ గోలీ లెక్క తెచ్చి నా ముందర పెట్టింది. బడిలో తమిళంలో చదివింది నాకు తెలుగులో చెప్పింది. అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ అడిగినాను. అర్థమైంది. నాకు అర్థమైంది అంటే మీ అందరికీ అవుతుంది. అందుకే రాస్తున్నాను.

తిన్నని బాట ఎందుకు ఓడిపోతుంది

ముందు ఒక్క సంగతి పట్టుకోవాలి. దిగే గోలీకి వేగం ఎక్కడినుంచి వస్తుంది? ఎత్తు పోగొట్టుకుంటే వస్తుంది. ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టే వేగం. బాట వంకరా తిన్ననా అన్నదానితో పని లేదు. రెండు మీటర్లు కిందికి దిగిన గోలీ ఏ బాటలో వచ్చినా ఒకటే వేగంతో ఉంటుంది. రాపిడిని మాత్రం లెక్కలో పెట్టలేదు. నాలుగింతలు దిగితే వేగం రెండింతలు. తొమ్మిదింతలు దిగితే మూడింతలు. ఇటలీలో గెలీలియో కనిపెట్టిన సూత్రం ఇది.

అయితే అన్ని గోలీలూ గుంట దగ్గరికి ఒకే వేగంతో వస్తాయి. మరి గెలుపు ఎక్కడుంది? ఆ వేగాన్ని ఎవరు ముందుగా సంపాదించుకున్నారు అన్నదాంట్లో ఉంది.

తిన్నని బాటలో మొదటినుంచీ ఒకటే వాలు. గోలీ మెల్లగా కదిలి, మెల్లగా వేగం పుంజుకుంటుంది. బాటలో మొదటి పాతిక భాగం దాటేటప్పటికే మొత్తం కాలంలో సగం అయిపోతుంది. మిగిలిన ముప్పాతిక భాగం మిగతా సగం కాలంలో దాటుతుంది. అంటే మొదట్లోనే కాలమంతా కరిగిపోతుందన్నమాట.

అట్లయితే మొదట్లోనే నిటారుగా కిందికి దించి, వేగం వచ్చినాక అడ్డంగా పంపితే? అదీ లెక్కేసి చూసినాం. మీరు కూడా పిల్లల చేత వేయించండి. గుంట రెండు మీటర్ల కింద, 3.14 మీటర్ల ఎడంగా ఉందనుకోండి. గోలీ రాపిడి లేకుండా జారుతుందనుకోండి.

తిన్నని బాట పొడుగు 3.72 మీటర్లు. పట్టే కాలం 1.19 సెకండ్లు.

నిటారుగా దిగి, మూలలో వేగం పోకుండా మళ్ళి, నేలబారుగా పోయే బాట 5.14 మీటర్లు. పట్టే కాలం 1.14 సెకండ్లు. చూడండి, దాదాపు మీటరున్నర ఎక్కువ పోయి కూడా తిన్నని బాటకంటే ముందు చేరింది!

గుంట దగ్గర నేలబారుగా కలిసే గుండ్రటి వంపు, అంటే పెద్ద వలయంలో ఒక ముక్క, 3.93 మీటర్లు. కాలం 1.02 సెకండ్లు. ఇది ఇంకా మేలు.

అన్నిటికంటే మేలైన వంపు సరిగ్గా 4 మీటర్లు. కాలం 1 సెకండు. ఇంతకంటే తొందరగా దించే బాట ఈ లోకంలో లేదు.

తొందర ఎక్కువైనా నష్టమే అని ఈ లెక్కలోనే తెలుస్తుంది. నిటారుగా దింపితే వేగం తొందరగా వస్తుంది గానీ దారి మరీ పెరిగిపోతుంది. తిన్నగా వేస్తే దారి తగ్గుతుంది గానీ వేగం ఆలస్యంగా వస్తుంది. రెంటికీ సరిగ్గా కుదిరిన వంపు ఒకటే ఒకటి ఉంది. దాన్ని గీయడానికి పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు, ఒక సైకిల్ చక్రం చాలు.

చక్రం గీసే గీత

సైకిల్ చక్రం అంచుకు ఒక చోట సుద్దముక్క కట్టండి. గోడ పక్కన నేలమీద చక్రాన్ని జారకుండా తిన్నగా దొర్లించండి. సుద్దముక్క గోడమీద ఒక గీత గీస్తుంది. నేలనుంచి నిటారుగా లేచి, పైకి పోయి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ నేలకు నిటారుగా దిగే కమాను లాంటి గీత. దీన్నే 'సైక్లాయిడ్' అంటారు. ఆ కమానును తలకిందులు చేస్తే, ఒక కొసనుంచి నట్టనడుమ దాకా ఉండే సగం ముక్కే మన గోలీ బాట.

పంగుని ఉత్తరానికి మన కళుగుమలైలో తేరు లాగేటప్పుడు తేరు చక్రం అంచున ఉండే మేకును చూడండి. అది గాలిలో గీసేదీ ఇదే గీత. మిల్లుకు సైకిల్ తొక్కుకుంటూ పోయిన ప్రతివాళ్ళ చక్రాలూ దారి పొడుగునా ఇదే గీత గీసినాయి. కాకపోతే గాలిలో గీసినందువల్ల ఎవరికీ కనబడలేదు.

చక్రం దొర్లేటప్పుడు నేలకు ఆనిన చోటు ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది. పైన ఉన్న అంచు సైకిల్ వేగానికి రెండింతల వేగంతో పోతుంటుంది. అందుకే గీత నేల దగ్గర నిటారుగానూ, పైన పడుకున్నట్టూ వస్తుంది.

ఈ గీతకు పేరు పెట్టినవాడు కూడా గెలీలియోనే. కమాను కింద ఎంత చోటు ఉందో తెలుసుకోవాలని ఆయన రేకును ఆ ఆకారంలో కత్తిరించి, చక్రం అంత గుండ్రటి రేకు ముక్కతో తూచి చూసినాడట. దాదాపు మూడింతలు తూగింది. సరిగ్గా మూడింతలే అని తర్వాత ఫ్రాన్సులో రోబర్వాల్ రుజువు చేసినాడు. మంచి అట్ట ఉంటే అంగడి త్రాసులో మీరూ తూచి చూడొచ్చు.

పొడుగు సంగతి 1658లో తేలింది. తేల్చినవాడు లండన్‌లో సెయింట్ పాల్స్ అనే పెద్ద గుడికి పటం గీసిన క్రిస్టోఫర్ రెన్. కమాను మొత్తం పొడుగు చక్రం అడ్డకొలతకు సరిగ్గా నాలుగింతలు. మనకు నూలుకు కొరత లేదు కదా. గీత వెంబడి నూలు పరిచి, తీసి, చక్రం అడ్డకొలతతో కొలవండి. నాలుగుసార్లు వస్తుంది.

మసాలా వ్యాపారి కొడుకులు

గోలీ లెక్క మీద మొదట చెయ్యి పెట్టినవాడూ గెలీలియోనే. 1638లో వచ్చిన పుస్తకంలో తిన్నని బాటకంటే గుండ్రటి వంపు తొందరగా దించుతుందని చూపించినాడు. అన్నిటికంటే మేలైంది కూడా గుండ్రటి వంపే అనుకున్నాడు. పైన మన లెక్కలో గుండ్రటిది ఎంత దగ్గరగా వచ్చిందో చూసినారు కదా. 1 సెకండుకూ 1.02 సెకండ్లకూ తేడా కంటికి దొరకదు.

ఆ తేడాను పట్టినవాడు స్విట్జర్లాండులో బాసెల్ ఊరివాడు, యోహాన్ బెర్నూలీ. వాళ్ళ నాయన మసాలా దినుసుల వ్యాపారి. కొడుకును కొట్లో కూర్చోబెట్టాలని చూసినాడు. ఆ పిల్లవాడు లెక్కల వెంట పోయినాడు. అన్న యాకోబ్ కూడా అంతే. ఇద్దరూ గొప్పవాళ్ళే, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. 1696 జూన్‌లో యోహాన్ ఈ ప్రశ్నను ఒక పత్రికలో అచ్చువేసి, దమ్ముంటే ఆరు నెలల్లో తేల్చండని పండితులందరికీ సవాలు విసిరినాడు. తర్వాత లైబ్నిజ్ అడిగితే గడువు మరుసటి యేడు ఈస్టర్ దాకా పొడిగించినాడు.

లెక్క తేల్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. యోహాన్, అన్న యాకోబ్, జర్మనీలో లైబ్నిజ్, ఫ్రాన్సులో లోపితాల్, ఇంగ్లాండులో న్యూటన్ వాళ్ళలో ఉన్నారు.

న్యూటన్ సంగతి వినండి. అప్పటికి ఆయనకు 54 ఏండ్లు. లండన్ టంకశాలలో ఉద్యోగం. దేశంలోని పాత వెండి నాణేలు కరిగించి కొత్తవి ముద్రించే పని జోరుగా నడుస్తోంది. 1697 జనవరి 29న సాయంత్రం నాలుగింటికి పనినుంచి బాగా అలిసిపోయి ఇంటికొచ్చేసరికి ఈ సవాలు వచ్చి ఉంది. తెల్లవారుజాము నాలుగింటికి లెక్క తేల్చిగానీ పడుకోలేదని ఆయన మేనకోడలు చెప్పింది. పగలు షిఫ్టు చేసి రాత్రి కళ్ళు మూతలు పడుతున్నా కూర్చోవడం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పేరు వేసుకోకుండానే జవాబు అచ్చయింది. దాన్ని చూసి యోహాన్, పంజా గుర్తు చూస్తే సింహం ఏదో తెలియదా అన్నాడని చెప్తారు.

కరిసల్ బురదా, వెలుతురు దారీ

యోహాన్ దీన్ని ఎట్లా తేల్చినాడన్నదే నాకు అన్నిటికంటే నచ్చింది. ఆయన గోలీని పక్కనపెట్టి వెలుతురును పట్టుకున్నాడు.

మన కోవిల్‌పట్టి చుట్టూ కరిసల్ నేల. వాన పడిన మర్నాడు ఆ నల్లమట్టిలో నడవడం ఎట్లా ఉంటుందో తెలుసు. అడుగు తీసి అడుగు వేస్తే చెప్పుకు అరకిలో మట్టి. మీరు అట్లాంటి పొలం మధ్యలో ఉన్నారు. పొలం దాటితే గట్టినేల. గట్టినేల ఆవల పక్కగా మీ ఇల్లు. ఇంటివైపు తిన్నగా నడుస్తారా? నడవరు. బురదలో నడక తగ్గేటట్టు ముందు గట్టు వైపు మళ్ళి, గట్టినేల ఎక్కినాక ఇంటివైపు తిరుగుతారు. నడక కొంచెం పెరిగినా ఇల్లు ముందే చేరతారు.

వెలుతురు కూడా ఇట్లాగే చేస్తుందని ఫ్రాన్సులో ఫెర్మా అనే ఆయన 1662లో చెప్పినాడు. వెలుతురుకు గాలి గట్టినేల, నీళ్ళు బురద. గాలినుంచి నీళ్ళలోకి దిగేటప్పుడు వంగుతుంది. తొట్టిలో ముంచిన కర్ర విరిగినట్టు కనబడేది అందుకే.

యోహాన్ ఏమనుకున్నాడంటే, గోలీ దిగే చోటును పొరలు పొరలుగా చూద్దాం. పైపొరలో గోలీ నెమ్మది, అంటే అది బురద. కిందికి పోయేకొద్దీ వేగం, అంటే గట్టినేల. ఇట్లాంటి పొరల గుండా వెలుతురు పోతే ఏ దారి పట్టుకుంటుందో, గోలీకి అదే తొందర దారి.

వెలుతురు వంగడానికి ఒక కట్టుబాటు ఉంది. బాటలో ఒక్కో అడుగుకు అడ్డంగా ఎంత జరుగుతామో, అది అక్కడి వేగానికి తగ్గట్టే ఉండాలి. వేగం రెండింతలయితే అడ్డం జరగడమూ రెండింతలు. దీన్ని గోలీకి పెట్టి చూడండి. మొదట్లో వేగం సున్నా. కాబట్టి అడ్డంగా జరగడమూ సున్నా. అంటే బాట నిటారుగా మొదలవ్వాలి. లోతులో నాలుగో వంతు దిగేటప్పటికి వేగం సగం వచ్చి ఉంటుంది. అక్కడ అడుగు బాటకు అర అడుగు అడ్డం. అట్టడుగుకు పోయేసరికి పూర్తి వేగం. అక్కడ బాట నేలబారుగా పడుకుంటుంది. ఈ కట్టుబాటును తప్పకుండా పాటించే గీత ఏదంటే, చక్రం అంచు గీసే గీతే.

అన్న యాకోబ్ వేరే రకంగా తేల్చినాడు. బాటలో చిన్న ముక్కను కొంచెం అటూ ఇటూ జరిపితే కాలం ఎట్లా మారుతుందని చూసుకుంటూ పోయినాడు. ఆ పద్ధతిని తర్వాత ఆయిలర్ పెద్ద శాస్త్రంగా పెంచినాడు. ఆయన యోహాన్ దగ్గర చదువుకున్నవాడే.

ఈ గీతకు ఇంకో గుణం ఉంది. దాన్ని హాలండ్‌లో గడియారాలు చేసిన హైగెన్స్ 1659లోనే కనిపెట్టి, 1673లో పుస్తకంలో వేసినాడు. ఈ వంపులో గోలీని ఎంత ఎత్తునుంచి వదిలినా అడుగుకు చేరే కాలం ఒక్కటే. పై కొసనుంచి ఒకటి, సగంనుంచి ఇంకొకటి ఒకేసారి వదలండి. రెండూ అడుగున ఒకేసారి కలుస్తాయి. పైదానికి దారి ఎక్కువ, కానీ వాలూ ఎక్కువ.

మిల్లులో కూడా వంపే

వంపు చూసి యంత్రం నడక చెప్పడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. రింగు ఫ్రేములో పనిచేసినవాళ్ళకు హార్ట్ క్యామ్ తెలుసు. గుండె ఆకారంలో ఉండే ఆ ఇనుప బిళ్ళ తిరుగుతుంటే రింగ్ రైలు మెల్లగా పైకి లేచి, చురుగ్గా కిందికి దిగుతుంది. దాని వంపును బట్టే కాప్ మీద నూలు చుట్టుకునేది. వంపు అరిగితే కాప్ ఆకారం చెడుతుంది. అట్లాంటి కాప్ వైండింగుకు వస్తే నూలు పోగులు పోగులుగా ఊడి చిక్కు పడుతుంది. ఎన్ని వేల కాపులు నా చేతిలో నడిచినాయో. ఫిట్టర్ అన్నలు ఆ క్యామ్‌ను తడిమి ఎక్కడ అరిగిందో చెప్పేవాళ్ళు. ఆ వంపు ఎంతుండాలో తేల్చేది లెక్కలే. ఆ లెక్క కాగితం మీద మన చేతికి రాలేదు, అంతే తేడా. ఇప్పుడు మిల్లుల్లో మన పిల్లలకు పాత రోజుల్లో మాదిరి పని లేదు. వాళ్ళకు కాగితం మీది లెక్కే దిక్కు. దాన్ని మనమే భయపెట్టి లాక్కోవద్దు.

ఇంట్లో చేసి చూడండి

పెద్ద అట్టపెట్టెలు రెండు విప్పి గోడకు ఆనించండి. ఇరవయ్యారు అంగుళాల సైకిల్ చక్రం అంచుకు పెన్సిల్ కట్టి, పెన్సిల్ నేలకు ఆనిన చోట మొదలుపెట్టి, అది పైకొసకు వచ్చేదాకా దొర్లించండి. అంటే సగం చుట్టు. గీత వెంబడి కత్తిరించి తలకిందులు చేయండి. ఎత్తు 66 సెంటీమీటర్లు, అడ్డం 104 సెంటీమీటర్లు ఉంటుంది. కరెంటు వైరింగుకు వేసే ప్లాస్టిక్ పట్టీ 132 సెంటీమీటర్లు తీసుకుని వంపు వెంబడి అంటించండి. ఇంకో పట్టీ 123 సెంటీమీటర్లు తీసుకుని అదే పైకొసనుంచి అదే కింది కొసకు తిన్నగా కట్టండి. కదలకుండా ఇటుకలు ఆనించండి.

రెండు గోలీలు ఒకే సైజువి, ఒకేసారి వదలాలి. స్కేలు అడ్డంపెట్టి ఠక్కున తీస్తే సరి. వంపు బాటలో గోలీ కిందికి చేరే క్షణానికి తిన్నని బాటలో గోలీ ఇంకా జానన్నర వెనకే ఉంటుంది. కంటికి బాగా కనబడుతుంది. పట్టీ ఒరిపిడి వల్ల కొంచెం అటూ ఇటూ కావొచ్చు గానీ గెలిచేది వంపు బాటే. తర్వాత వంపు బాటలోనే ఒక గోలీ పైనుంచి, ఒకటి సగంనుంచి వదిలి చూపించండి. తిరునెల్వేలి సైన్స్ సెంటర్‌కు పిలకాయల్ని తీసుకుపోయినప్పుడు అక్కడివాళ్ళను ఈ వంపు గురించి అడగమనండి.

మా మనవరాలు లెక్కల గ్రూపే తీసుకుంది. ఈ సంక్రాంతికి మన కాలనీ ఆటల పోటీల్లో కుండ కొట్టడం పక్కన ఈ రెండు బాటలూ పెడదామని అడిగినాను. చూడవచ్చే అమ్మానాన్నలు ముందే పందెం చెప్పాలి, ఏ గోలీ గెలుస్తుందో. చక్రమూ పట్టీలూ మా ఇంట్లో ఉన్నాయి. అట్టపెట్టెలు ఎవరైనా పంపించండి.